పది తులాల వెండి

న్యాయాధిపతులు పదకొండో అధ్యాయాన్ని మా స్త్రీల కూటంలో ఎప్పుడూ సగమే చదివేవాళ్ళం. యెఫ్తా అమ్మోనీయుల మీద గెలిచేదాకా గట్టిగా చదివి, స్తోత్రం చెప్పుకుని, పన్నెండో అధ్యాయంలోకి వెళ్ళిపోయేవాళ్ళం. చివరి ఏడు వచనాలు ఎవరి వంతుకి వస్తే వాళ్ళు కళ్ళజోడు తుడుచుకునేవారు. బైబిలు చదివే ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదులెండి. అమాలేకీయుల పసిపిల్లల్ని కూడా వదలొద్దని సమూయేలు సౌలుకి చెప్పిన చోటు, బబులోను పసివాళ్ళ గురించి 137వ కీర్తన చివర ఉన్న మాట, ఇలాంటివి వచ్చినప్పుడు ఎంత గట్టి విశ్వాసికైనా గొంతు కాస్త తగ్గుతుంది.

ఆ కథ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. యెఫ్తాది గిలాదు. తల్లి వేశ్య అని అన్నదమ్ములు ఆస్తి ఇవ్వకుండా ఇంట్లోంచి తరిమేశారు. యుద్ధం మీదికి వచ్చేసరికి ఆ ఊరి పెద్దలే వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నారు. యుద్ధానికి పోతూ అతను మొక్కుకున్నాడు. గెలిచి తిరిగొస్తే నా ఇంటి గుమ్మంలోంచి ఏది ఎదురొస్తే అది దేవుడిది, దహనబలిగా ఇస్తానని. గెలిచాడు. గుమ్మంలోంచి తంబురలు వాయిస్తూ, గెంతుతూ వచ్చింది ఒక్కగానొక్క కూతురు. తండ్రి బట్టలు చింపుకుని, ఎంత పని చేశావే, నన్ను కుంగదీసేశావే అన్నట్టు మాట్లాడతాడు. నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. మొక్కుకున్నది ఆయన, తప్పేమో గుమ్మం దాటిన పిల్లది! ఆ పిల్ల మాత్రం, మాటిచ్చావు కాబట్టి అలాగే చెయ్యి నాన్నా, నాకు రెండు నెలలు గడువియ్యి, స్నేహితురాళ్ళతో కొండల మీదికి పోయి నా కన్యాత్వం గురించి ఏడ్చి వస్తాను అంది. అన్నట్టే తిరిగొచ్చింది. మొక్కిన ప్రకారం చేశాడు. ఆ తర్వాత ఏటా నాలుగు రోజులు ఇశ్రాయేలు ఆడపిల్లలు ఆమెను తలుచుకునేవారని రాసి ఉంది. ఆమె పేరు మాత్రం రాయలేదు.

ఈ ఏడాది మేం ఆ ఏడు వచనాలు దాటిపోలేకపోయాం. కారణం మా ఇంట్లోనే ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా అక్కుపల్లి సముద్రానికి ఎంత దగ్గరో బీచ్ చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఆ రాత్రి మా బావగారి ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, ఆయన పదేళ్ళ కూతుర్ని మంచం కింద పడుకోబెట్టి, మంచం మీద తాను బోర్లా పడుకున్నారు. తెల్లారేసరికి ఈ గుంట బతికుంటే నీ సేవకిచ్చేస్తాను ప్రభువా అని అరిచి మొక్కుకున్నారు. తెల్లారింది. కొబ్బరితోటలో నాలుగు చెట్లు మిగిలాయి, జీడితోట వేళ్ళతో సహా పడుకుంది, మనుషులం మాత్రం అందరం ఉన్నాం. ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన గుడిలో నిలబడి ఆ మొక్కు గురించి సాక్ష్యం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల కూడా కొట్టింది.

సేవకివ్వడం అంటే మా వైపు ఇంటర్ అవగానే బైబిలు ట్రైనింగుకి పంపడం, ఆ తర్వాత ఒక సేవకుడికిచ్చి పెళ్ళి చేయడమో, పెళ్ళి లేకుండా సువార్త పనిలో ఉంచేయడమో. ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు. 1870లలో కెనడా బాప్తిస్టు మిషనరీలు కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా పని మొదలుపెట్టాక, గడపలు ఎక్కి ఆడవాళ్ళకి వాక్యం చెప్పింది, కొందరికి అక్షరాలు దిద్దించింది మన తెలుగు బైబిలు స్త్రీలే. ఇష్టపడి వెళ్ళినవాళ్ళంటే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మా పిల్లకి ఇష్టం లేదు. గొడవంతా అదే.

బైపీసీ మంచి మార్కులతో పాసైంది. డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చదువుతానంది. మా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట తెలియని ముసలమ్మ ఉండదు. ఎవరింట్లో ఎవరికి ఎంత ఉందో ఇరుగుపొరుగుకి కూడా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ఆడపిల్లలకి ఆ చదువు మీద ఆశ కూడా పెరిగింది. "ఆసుపత్రిలో చేసేది కూడా సేవే కదమ్మా, అలా చెబుదామా మీ నాన్నకి?" అని అడిగితే, "అలా చెప్పకు పిన్నీ. నాకు నెలజీతం కావాలి. అమ్మ చేతులు చూశావా?" అంది. మా తోడికోడలు పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. జీడినూనె అంటి ఆవిడ వేళ్ళు ఎన్నేళ్ళుగానో నల్లగానే ఉన్నాయి.

బావగారు చెడ్డవారు కాదు. అలా అనుకుంటే ఈ కథ మీకు అర్థం కాదు. "మాటిచ్చింది మనిషికి కాదు గదమ్మా. ఆ రేత్రి ఆయన ఇన్నాడు. ఇప్పుడు నాను తప్పితే, ఆ గుంటకేటైనా అయితే?" అన్నారు నాతో. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కకపోవడమే మేలని ప్రసంగి గ్రంథంలో ఉన్న మాట ఆయనకు నోటికొచ్చు. ఆయనది పట్టుదల కాదు, భయం. పట్టుదలైతే దెబ్బలాడొచ్చు. భయంతో ఎలా దెబ్బలాడతాం చెప్పండి?

అందుకే శుక్రవారం కూటంలో ఆ ఏడు వచనాలు నేనే గట్టిగా చదివాను. తోడికోడలు నా పక్కనే కూర్చుంది. పాస్టరమ్మగారు మంచావిడ, తప్పించుకోలేదు. "ఆ పిల్లని చంపలేదమ్మా, పెళ్ళి లేకుండా గుడారం దగ్గర సేవకి పెట్టేశాడు. అందుకే చావు గురించి కాకుండా కన్యాత్వం గురించి ఏడ్చింది" అన్నారు. అమ్మయ్య అన్నట్టు అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఈ వివరణ అమ్మగారు కల్పించింది కాదు. మా నాన్నగారు బడిపంతులు, ఆదివారపు బడి కూడా చెప్పేవారు. ఆయన ట్రంకుపెట్టెలోని వ్యాఖ్యానాల్లో ఇది చాలాసార్లు చదివాను. మధ్యయుగంలో దావీదు కింహి అనే యూదు పండితుడు దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. హెబ్రీలో రెండు మాటల్ని కలిపే చిన్న అక్షరం ఒకటుంది. దాన్ని 'మరియు' అని చదివితే దేవుడిది అవుతుంది, దహనబలీ అవుతుంది. 'లేదా' అని చదివితే మనిషి ఎదురైతే దేవుడికి సమర్పణ, జంతువు ఎదురైతే బలి. ఒక్క అక్షరంతో పిల్ల బతికిపోయింది! ఆ తర్వాత క్రైస్తవులు చాలామంది ఈ దారినే పట్టారు. సంగీతంలో కూడా ఇంతే. 1752లో లండన్‌లో వినిపించిన హ్యాండెల్ 'జెఫ్తా'లో దేవదూత దిగివచ్చి పిల్లను చావు తప్పించి, కన్యగా దేవుడికి ఉండిపొమ్మంటాడు. బైబిల్లో ఆ దూత లేడు. అబ్రాహాము చెయ్యి ఆపిన దూతని ఇక్కడికి అరువు తెచ్చుకున్నారు.

రెండో వైపువాళ్ళూ తక్కువవాళ్ళు కారు. ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు బలి నిజంగానే జరిగిందని రాసి, అది ధర్మశాస్త్రానికి తగిన పని కాదన్నాడు. లూథరు కూడా, బలి ఇవ్వలేదనిపించుకోవాలని జనానికి ఆశగా ఉంటుంది గానీ వాక్యం స్పష్టంగానే ఉందని తేల్చేశాడు. వీళ్ళ దారిలో వాక్యాన్ని సమర్థించడం ఇంకో రకంగా ఉంటుంది. బైబిల్లో రాసి ఉన్నదంతా బైబిలు మెచ్చుకున్నది కాదు. పిల్లల్ని అగ్నికి ఇవ్వడం దేవుడికి అసహ్యమని ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. ఆ మొక్కు దేవుడు అడిగింది కాదు. న్యాయాధిపతుల కాలంలో ఎవరికి తోచింది వాళ్ళు చేశారని ఆ పుస్తకమే చివర చెప్పేస్తుంది. మరి హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయంలో యెఫ్తా పేరు విశ్వాసవీరుల్లో ఉంది కదా అంటే, ఆ వరసలోనే సమ్సోనూ ఉన్నాడు, దావీదూ ఉన్నాడు. వాళ్ళు చేసిన పనులన్నీ మనం మెచ్చుకుంటున్నామా?

పైకి చూస్తే మొదటి వివరణ మెత్తనిది, రెండోది కఠినమైనది. కూటంలో అందరికీ మెత్తనిదే నచ్చింది. నేను తోడికోడలి ముఖం చూశాను, ఆవిడ నా ముఖం చూసింది. మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆ మెత్తని వివరణ ప్రకారం యెఫ్తా చేసింది సరైన పని. కూతుర్ని ఆమె ఇష్టం అడగకుండా సేవకి ఇచ్చేశాడు, దేవుడు తీసుకున్నాడు, అంతా క్షేమం. మా పిల్లని కట్టేసేది ఆ వివరణే. చంపాడు, తప్పు చేశాడు, ఆ మొక్కే తప్పు అనే కఠినమైన వివరణలో అయితే మా పిల్లకి తలుపు తెరిచి ఉంది. వాక్యానికి మచ్చ రాకూడదని చెప్పే మాటల్లో ఎవరి పరువు నిలబడుతోంది, ఎవరు బలవుతున్నారు అని చూసుకోవాలని నాకు ఆ రోజు నుంచి అనిపిస్తోంది. యవ్వనస్థుల కూడికల్లో ఆ పిల్ల విధేయత గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో! ఆ తండ్రి తొందరపాటు గురించి ఒక్కటీ వినలేదు.

ఇంకో మొక్కు కథ ఉంది. ఒకటో సమూయేలు పద్నాలుగో అధ్యాయం. సాయంత్రం దాకా ఎవరూ ఏమీ తినకూడదని సౌలు ఒట్టు పెట్టించాడు. అది వినని కొడుకు యోనాతాను కాస్త తేనె నాకాడు. చచ్చిపోవాల్సిందే అన్నాడు తండ్రి. జనం అడ్డం నిలబడ్డారు. ఇతని తల వెంట్రుక ఒక్కటీ నేల రాలడానికి వీల్లేదని చెప్పి విడిపించుకున్నారు. రాజు ఒట్టు గాలికి పోయింది, దేవుడు ఎవర్నీ ఏమీ అనలేదు. కొడుకు కోసం సైన్యమంతా అడ్డుపడింది. కూతురి కోసం స్నేహితురాళ్ళు రెండు నెలలు ఏడ్చారు. ఏడవడం మనకి వచ్చు. అడ్డుపడడం ఎవరూ నేర్పలేదు.

అయినా ఇదంతా బావగారితో చెబితే ఆయన భయం పోతుందా? "నీ మొక్కు తప్పు" అంటే తిత్లీ రాత్రిని తప్పన్నట్టే. ఆయనకి కావలసింది మొక్కు చెల్లించే దారి. అది లేవీయకాండం ఇరవై ఏడులో ఉంది. మనుషుల్ని మొక్కుకున్నవాళ్ళు మనిషికి బదులు వెల చెల్లించవచ్చని అక్కడ పట్టికే ఉంది. ఇరవై నుంచి అరవై ఏళ్ళ మగవాడికి 50, ఆడమనిషికి 30. అయిదు నుంచి ఇరవై లోపు మగపిల్లాడికి 20, ఆడపిల్లకి 10. అంత ఇవ్వలేని పేదవాడైతే యాజకుడు అతని స్తోమతును బట్టి వెల తగ్గించాలి. హెబ్రీ షెకెలు సుమారు 11 గ్రాముల వెండి. మన తెలుగు బైబిల్లో దాన్ని తులం అన్నారు. ఎవరు ఎంచుకున్నారో గానీ పాత తులానికి దగ్గరి తూకమే.

ఒక సాయంత్రం టీ ఇచ్చి, బైబిలు తెచ్చి ముందు పెట్టాను. "బావగారూ, ఇది ఒక్కసారి చదవండి" అన్నాను. ఆయన వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ చదువుతారు. పది తులాల దగ్గర రెండుసార్లు చదివారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "మరిది యెఫ్తాకి తెలీదేటమ్మా?"

రెండు వేల ఏళ్ళుగా పండితులు అడిగిన ప్రశ్న అది. యూదు పెద్దలు దానికి ఒక కథ చెప్పుకున్నారు. ఆ మొక్కును రద్దు చేయగలిగిన యాజకుడు ఫీనెహాసు ఉన్నాడు. నేను ప్రధాన యాజకుణ్ణి, ఆ చదువు రానివాడి దగ్గరికి నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాడట ఫీనెహాసు. నేను నాయకుణ్ణి, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాడట యెఫ్తా. ఇద్దరి గొప్పల మధ్య పిల్ల పోయింది. ఇంకో కథలో ఆ పిల్లే తండ్రితో వాదిస్తుంది. యాకోబు తనకి వచ్చినదాంట్లో పదోవంతు ఇస్తానని మొక్కుకున్నాడు కదా, పన్నెండుమంది కొడుకులుంటే ఒక్కణ్ణయినా బలిచ్చాడా అని. నాకు ఈ పిల్ల చాలా నచ్చింది. చెబితే బావగారు నవ్వారు. ఆ విషయంలో ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వుతోనే కిందికి చదువుకుంటూ పోయి ఇరవై తొమ్మిదో వచనం దగ్గర ఆగిపోయారు. ప్రతిష్ఠించిన మనిషిని విడిపించకూడదు, చంపాల్సిందే అని అక్కడ ఉంది. ఆయన ముఖం పాలిపోయింది. బైబిలంటే అంతేనండీ, ఒక కష్టం తప్పించుకుందామని వెళ్తే పక్క వచనంలో ఇంకోటి కాచుకుని ఉంటుంది. మొక్కుబడికి హెబ్రీలో ఉన్నది నెదెర్ అనే మాట, ఇక్కడున్నది హేరెమ్ అనే వేరే మాట, పూర్తిగా శాపానికి విడిచిపెట్టిన దాని గురించి అని నాకు తెలిసినంత చెప్పాను. నా మాట చాలలేదు. "అయ్యగార్ని అడుగుదాం" అన్నారు. యెఫ్తా వెళ్ళని చోటికి మా బావగారు వెళ్తానన్నారు, నాకదే చాలనిపించింది.

ముగ్గురం వెళ్ళాం. నెదెర్, హేరెమ్ తేడా అయ్యగారు ఒప్పుకున్నారు. హేరెమ్ అనేది శిక్ష పడిన వాళ్ళ సంగతి, మీ పిల్లకి వర్తించదన్నారు. బావగారి భుజాలు కిందికి దిగాయి. కానీ వెండి మాట ఎత్తగానే, "అవన్నీ పాత నిబంధన లెక్కలు, మనం కృపలో ఉన్నాం" అన్నారు. అప్పటిదాకా పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్న మా తోడికోడలు తలెత్తి, "మొక్కుబడి మాత్రం పాత నిబంధనదే కదేటండి అయ్యగారూ?" అంది.

ఆవిడ గుడిలో ప్రార్థన తప్ప వేరే మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అయ్యగారు కాసేపు ఊరుకున్నారు. తర్వాత తనంతట తానే మార్కు సువార్త ఏడో అధ్యాయం తీశారు. ఇది దేవుడికి కొర్బాను అని చెప్పి కన్నవాళ్ళకి అందాల్సింది ఎగ్గొట్టిన వాళ్ళని యేసుప్రభువు మందలించిన చోటు. దేవుడి పేరు చెప్పి ఇంట్లో మనిషికి అన్యాయం చేయొద్దని ప్రభువే అన్నాక నేనేం అడ్డుచెప్తాను అన్నారు. అది కన్నవాళ్ళ గురించి, ఇది కన్నపిల్ల గురించి. ఆయన దాన్ని ఇటు తిప్పి చదివారు. అలా తిప్పడం సబబేనని నాకనిపించింది.

ఇంటికొచ్చి పిల్లకి చెబితే, అది సంతోషపడటానికి ముందు పట్టిక అడిగింది. చూసి, "మగపిల్లాడైతే ఇరవై, నాకు పదేనా పిన్నీ?" అంది. దీనికీ జవాబులున్నాయి. అది మనిషి విలువ కాదు, ఆ కాలంలో పొలంలో, గుడారంలో చేయగల బరువు పని లెక్క, అందుకే అరవై దాటిన మగవాడికి కూడా 50 నుంచి 15కి పడిపోతుంది అంటారు. అదే చెప్పాను. "అరవై దాటిన ఆడదానికో?" అంది. పది అన్నాను. "అంటే ముసలైతే మా ఇద్దరికీ తేడా తగ్గుతుందన్నమాట" అని నవ్వుకుంది గానీ ఒప్పుకోలేదు. నేనూ బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకే సగం ఆనింది.

తోడికోడలి పెళ్ళినాటి పట్టీలు కాశీబుగ్గ తీసుకెళ్ళి తూయిస్తే 86 గ్రాములు వచ్చాయి. ఇంతకన్నా తక్కువిచ్చినా చాలు, పేదవాళ్ళకి తగ్గించే వచనం ఉంది అని నేనన్నాను. బావగారు ఒప్పుకోలేదు. తిత్లీ రాత్రికి తగ్గింపు అడగనన్నారు. నా దగ్గరున్న పాత వెండి కుంకుమభరిణె, పాపాయి మొలతాడు కలిపితే 110 దాటింది. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి వచ్చినప్పుడు ఆయన జేబురుమాలులో కట్టిన మూట అందులో వేశారు. ఈసారి సాక్ష్యం చెప్పలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంచి పట్టుకున్న కుర్రాడు ఆ బరువుకి ఏంటా అని లోపలికి తొంగి చూశాడు.

కోర్సుకి దరఖాస్తు పెట్టింది. శుక్రవారం కూటంలో ఇప్పుడు న్యాయాధిపతులు పంతొమ్మిదో అధ్యాయం దగ్గరికి వస్తున్నాం. లేవీయుడి ఉపపత్ని కథ. అమ్మగారు మొన్న నన్ను పక్కకి పిలిచి, మీ నాన్నగారి పెట్టెలో దీని గురించి ఏమైనా ఉందేమో చూడమ్మా అన్నారు.